ఇరవై నిమిషాల నేరం

ఆఫీసులో ఎవరికి మెమో వచ్చినా దాన్ని పట్టుకెళ్ళి చేతికిచ్చి, తేదీతో సహా సంతకం తీసుకురావడం ఆఫీసు సబార్డినేటు సన్యాసమ్మ పని. భర్త పోయాక ఆయన బదులు ఆ ఉద్యోగం ఆవిడకి ఇచ్చారు. ఈ పదకొండేళ్ళలో మెమో పుచ్చుకున్నవాళ్ళు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం చూసింది, కుర్చీ కోసం తడుముకోవడం చూసింది, మంచినీళ్ళు అడిగితే తెచ్చి ఇచ్చింది. ఆ సోమవారం సూపర్నెంటు భానోజీరావు గారు చేతిలో పెట్టిన కాయితం మీద పేరు చదివేసరికి మాత్రం మంచినీళ్ళ అవసరం ఆవిడకే వచ్చింది. అది ఆవిడ కూతురు కుసుమ పేరు.

ఇంకెవరిచేతనైనా పంపించండి బాబూ అని బతిమాలింది. భానోజీరావు గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. మెమోని ఆఫీసు సబార్డినేటే అందజేయాలని ఉంది గానీ, ఆ సబార్డినేటు మెమో అందుకునే మనిషికి తల్లి కాకూడదని ఎక్కడా లేదన్నారు. లేని నిబంధనని నేను పుట్టించలేను కదమ్మా అని జాలిపడ్డారు కూడా.

కంప్యూటర్ల గది వరండాకి ఆ చివర ఉంది. ఆ కాస్త దూరం నడిచేలోగా సన్యాసమ్మ మనసు ఎక్కడెక్కడికో వెళ్ళొచ్చింది. పిల్ల ఏదో మిషను కాల్చేసి ఉంటుంది. పోలీసులు జీపులో వస్తారు. జీపెక్కేటప్పుడు దాని కాళ్ళకి చెప్పులుండవు. మర్నాడు పేపర్లో ఫొటో వేస్తారు, అదీ ఆధార్ కార్డు మీద ఉన్న ఫొటో. ఈ చివరి ఆలోచనకి ఆవిడ వరండాలో ఒక స్తంభం పట్టుకుని ఆగింది. ఆగినప్పుడు, పదో తరగతి వరకూ చదువుకున్న మనిషి గనక, మెమో విప్పి చదివింది.

"సమర్థ అధికారి ఆమోదము లేకుండా కార్యాలయ కంప్యూటరును ఇరవై నిమిషములలో పనిచేయునట్లు చేసినందుకు మీపై క్రమశిక్షణా చర్య ఎందుకు తీసుకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

రెండోసారి చదివింది. వెనక్కి వెళ్ళి, ఇందులో ఏదో అక్షరం జారిపోయినట్టుంది బాబూ అని అడిగింది. ఏదీ జారలేదని భానోజీరావు గారు చెప్పారు. మెమో ఆయన మూడుసార్లు సరిచూసుకున్నారట.

కుసుమ మాత్రం మెమో చదివి నవ్వింది. "నిజమే కదమ్మా. ఇరవై నిమిషాలే పట్టింది," అని సంతకం పెట్టేసింది.

"నవ్వకే తల్లీ. నవ్విందని కూడా రాసేస్తారు," అంది సన్యాసమ్మ.

అది జిల్లా నూతుల గణన కార్యాలయం. జిల్లాలో ఎన్ని నూతులున్నాయో, వాటిలో ఎన్నింట నీళ్ళున్నాయో, నీళ్ళు లేనివాటిని నూతులనొచ్చో లేదో తేల్చడం ఆ ఆఫీసు బాధ్యత. పన్నెండు కంప్యూటర్లున్నాయి. ఆ సంవత్సరం మొదట్లో రాజధానిలోని పెద్దాఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. కంప్యూటర్లలో ఉన్న పాత సిస్టంకి కాలం చెల్లింది, దాన్ని తీసేసి ఉచితంగా దొరికే లినక్స్ అనే సిస్టం ఎక్కించండి అని. అంతవరకూ బాగానే ఉంది. కానీ సర్క్యులర్ చివర, "గైడెడ్ పద్ధతిలో గాని, మాన్యువల్ పద్ధతిలో గాని, మీ వీలును బట్టి" అని ఒక వాక్యం ఉంది.

గైడెడ్ అంటే మిషను నాలుగైదు ప్రశ్నలు అడిగి, మిగతా సర్దుబాటంతా అదే చేసుకుంటుంది. మాన్యువల్ అంటే మిషను కడుపులో ఉన్న డిస్కుని ఎన్ని భాగాలు చెయ్యాలో, ఏ భాగంలో ఏది పెట్టాలో అన్నీ మనమే దగ్గరుండి చెప్పాలి. ఇది కుసుమ తల్లికి చెప్పిన వివరం. హోటల్లో ప్లేటు భోజనం తినడానికీ, ఇంట్లో వండుకోవడానికీ ఉన్న తేడా లాంటిదంది. హోటలు తిండి పడక మనిషి ఆస్పత్రి పాలైన సంగతులు సన్యాసమ్మకి చాలా గుర్తొచ్చాయి గానీ పైకి అనలేదు.

సర్క్యులర్లో ఆ వాక్యం ఆఫీసులో ఎవరికీ మింగుడుపడలేదు. ఆఫీసు పుట్టిన దగ్గర్నుంచీ "మీ వీలును బట్టి" అన్న మాట పైనుంచి ఎప్పుడూ రాలేదు. ఇందులో ఏదో ఉందని డిప్యూటీ డైరెక్టరు త్రివిక్రమరావు గారు అనుమానించారు. స్పష్టత కోరుతూ పెద్దాఫీసుకి లేఖ రాశారు. స్పష్టత వచ్చేవరకూ ఎవరూ ఏమీ చెయ్యకూడదన్నది అందరికీ తెలిసిన సంగతే గనక ఎవరికీ చెప్పలేదు. ఏజెన్సీ తరఫున ఏడాది ఒప్పందం మీద పనిచేసే ఆపరేటరు కుసుమ. ఒక శుక్రవారం పదకొండింటికి తన ముందున్న మిషన్లో లినక్స్ గైడెడ్ పద్ధతిలో ఎక్కించింది. పదకొండూ ఇరవైకి ఒక నూతి ధ్రువపత్రం ప్రింటు తీసి, సంతోషంగా భానోజీరావు గారికి చూపించింది.

ఆయన ఆ కాయితాన్ని వెలుతురులో పెట్టి చూశారు. డిస్కుని ఎన్ని భాగాలు చెయ్యాలో ఎవరు నిర్ణయించారని అడిగారు. అదే చేసుకుందండీ అంది కుసుమ. అదే అంటే ఎవరు అన్నారు. కంప్యూటరేనండీ అంది. భానోజీరావు గారు బీరువా లోంచి అధికారాల పట్టిక తీయించారు.

"ఈ కార్యాలయంలో ఏ నిర్ణయం ఎవరు తీసుకోవాలో ఇందులో ఉంది. పెన్సిలు కొనడానికి ఎవరు, సెలవు ఇవ్వడానికి ఎవరు, అన్నీ ఉన్నాయి. కంప్యూటరు పేరు నాకెక్కడా కనపడడం లేదు. నీకు కనపడితే చూపించు," అన్నారు.

అలా మెమో పుట్టింది.

సన్యాసమ్మకి అసలు భయం వేరే ఉంది. కుసుమ ఒప్పందం ఏటా మార్చి ముప్పై ఒకటితో తీరిపోతుంది. మళ్ళీ ఏడాదికి పొడిగించాలంటే, ఆపరేటరు మీద ఏ ఆరోపణా లేదని ఆఫీసు రాసివ్వాలి. తనకి ఇంకో రెండేళ్ళే సర్వీసుంది. ఈలోగా పిల్ల కాళ్ళు నేలకి ఆనితే తను ధైర్యంగా ఊపిరి పీల్చుకోవచ్చు. ఇప్పుడు ఫిబ్రవరి మొదటి వారం. ఆవిడ రోజూ గోడ మీద క్యాలెండరు చూసి వేళ్ళు మడుస్తూ ఉండేది.

త్రివిక్రమరావు గారు మీటింగు పెట్టారు. ఆవిడ టీ గ్లాసులు అందిస్తూ గుమ్మం పక్కనే నిలబడింది.

"పరిపాలన అనగా ఏమి? నిర్ణయముల పరంపర," అని మొదలుపెట్టారు ఆయన. "నిర్ణయము వెనుక ఒక అధికారి, అధికారి వెనుక ఒక ఫైలు, ఫైలు వెనుక ఒక బాధ్యత ఉండవలెను. గైడెడ్ పద్ధతి యందు నిర్ణయము మాత్రమే కలదు. రేపు శాసనసభలో ప్రశ్న వచ్చినచో ఎవరిని నిలబెట్టెదము? కీబోర్డునా?"

ఎవరూ కాదనలేదు. మూడు తీర్మానాలు చేశారు. ఒకటి, కుసుమ పాడుచేసిన మిషను, అంటే పనిచేస్తున్న మిషను, విచారణలో సాక్ష్యం గనక తెల్లగుడ్డలో చుట్టి లక్కముద్ర వెయ్యాలి. రెండు, మిగతా పదకొండు మిషన్లలో లినక్స్ మాన్యువల్ పద్ధతిలోనే ఎక్కించాలి, మిషను అడిగే ప్రతి ప్రశ్ననీ ఫైలులో పెట్టి పైవారి ఆమోదంతోనే జవాబు చెప్పాలి. మూడు, కుసుమ నిందితురాలు గనక ఏ కంప్యూటరునీ ముట్టుకోకూడదు. అయితే ఆ విషయం తెలిసిన మనిషి ఇంకొకరు లేరు గనక, రెండు గజాల దూరంలో నిలబడి తెర మీద ఏముందో చదివి చెప్పాలి.

గుడ్డ చుట్టేటప్పుడు సన్యాసమ్మే కొవ్వొత్తి పట్టుకుంది. గాలాడక లోపల మిషను పేలిపోతుందేమోనని, రెండు రోజులు దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడు చెవులు మూసుకుని వెళ్ళింది.

పదకొండు మిషన్లకీ ఒకేసారి లినక్స్ మొదలుపెట్టారు. ఒకదానికి ముందు జవాబు చెబితే మిగతా సెక్షన్లకి అన్యాయం చేసినట్టవుతుందని. పదకొండు తెరల మీదా ఒకటే ప్రశ్న వచ్చింది. ఏ భాషలో మాట్లాడమంటావు అని. కుసుమ రెండు గజాల దూరం నుంచి చదివింది. పదకొండు ఫైళ్ళు తెరిచారు. ప్రశ్న ఒకటే అయినా మిషన్లు పదకొండు కదా. సన్యాసమ్మ వాటిని చంకనెత్తుకుని సూపర్నెంటు గారి గదికీ, అక్కడినుంచి డిప్యూటీ డైరెక్టరు గారి గదికీ తిరిగింది. త్రివిక్రమరావు గారు పదకొండింటి మీదా "చర్చించవలెను" అని రాశారు. చర్చ నాలుగు రోజులు నడిచింది. తెలుగు అంటే పెద్దాఫీసుకి అర్థం కాదేమో, ఇంగ్లీషు అంటే అధికార భాషా సంఘం ఊరుకోదేమో. చివరికి "రెండునూ" అని ఆమోదించారు. మిషను ఒక్కటే తీసుకుంటుందని కుసుమ చెప్పింది. తాత్కాలిక ప్రాతిపదికన ఇంగ్లీషు అని సవరించారు.

రెండో ప్రశ్న, మీది ఏ దేశం అని.

భానోజీరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. దేశం విషయంలో నిర్ణయం తీసుకునే అధికారం జిల్లా స్థాయిలో లేదు. ఇది రాజధానికి వెళ్ళాల్సిందే. వెళ్ళింది. తొమ్మిది రోజుల తర్వాత జవాబొచ్చింది. "ప్రస్తుత పరిస్థితినే కొనసాగించవలెను." అంటే ఇండియానే అన్నమాట అని మీటింగులో వ్యాఖ్యానించుకుని, ఆ వ్యాఖ్యానాన్ని కూడా ఫైలులో పెట్టారు.

ఇండియా అని నొక్కబోతుంటే కరెంటు పోయింది. వచ్చేసరికి మిషన్లన్నీ మొదటికొచ్చి, ఏ భాషలో మాట్లాడమంటావు అని అడుగుతున్నాయి.

పాత జవాబే చెప్పేద్దాం సార్ అంది కుసుమ. భానోజీరావు గారు ఆ పిల్ల వైపు, చిన్నపిల్లలు నిప్పు ముట్టుకోబోతే చూసినట్టు చూశారు. మొన్న అడిగిన ప్రశ్నకి వచ్చిన ఆమోదం ఇవాళ అడిగిన ప్రశ్నకి ఎలా వర్తిస్తుంది? మళ్ళీ పదకొండు ఫైళ్ళు లేచాయి. ఈసారి చర్చ మూడు రోజుల్లోనే తేలింది. అనుభవం వచ్చింది కదా అని అందరూ సంతోషించారు.

తర్వాత రహస్యపదం అడిగింది. అది ఎవరికీ తెలియకూడదని కుసుమ గట్టిగా చెప్పింది. అందుకని త్రివిక్రమరావు గారు దాన్ని "అతి రహస్యం" అని రాసిన కవరులో పెట్టి, అన్ని సెక్షన్లకీ తిప్పి, చదివి తెలుసుకున్నట్టు అందరి సంతకాలూ తీసుకోమన్నారు. సన్యాసమ్మ ఇరవై మూడు సంతకాలు తెచ్చింది. ఎవరైనా దీన్ని బయట చెప్పేస్తే ఆ నేరం కవరు మోసిన తన మీదికొస్తుందని ఆవిడకి అన్నం సయించలేదు. మూడో రోజున గేటు దగ్గర టీ కొట్టువాడు ఆ మాట స్పెల్లింగుతో సహా అప్పజెప్పాక గానీ మనసు కుదుటపడలేదు. అందరికీ తెలిసిపోయాక ఇంక ఒకరి మీద రాయలేరు కదా.

ఇలా నడుస్తుండగా ఒక చిక్కు వచ్చింది. పదకొండు మిషన్లూ ప్రశ్న దగ్గర ఆగి ఉన్నాయి. మరి ఈ ఫైళ్ళన్నీ, పెద్దాఫీసుకి లేఖలన్నీ ఎక్కడ టైపు చెయ్యాలి? పనిచేసే మిషను జిల్లా మొత్తం మీద ఆ శాఖకి ఒకటే ఉంది. అది గుడ్డలో ఉంది. భానోజీరావు గారు దానికీ మార్గం కనిపెట్టారు. పొద్దున్న పదిన్నరకి ఇద్దరు సాక్షుల ఎదుట పంచనామా రాసి, ముద్ర పగలగొట్టి, గుడ్డ విప్పుతారు. సాయంత్రం అయిదింటికి మళ్ళీ పంచనామా రాసి, గుడ్డ చుట్టి, లక్క పోస్తారు. సాక్షులుగా నూతి ధ్రువపత్రం కోసం వచ్చిన రైతుల్నే కూర్చోబెట్టేవారు. ఆ మిషను మీద అక్రమం ఎలా జరిగిందో నిందితురాలికే తెలుసు గనక, సాక్ష్యం చెడిపోకుండా ఉండాలంటే నిందితురాలే దాని మీద పనిచెయ్యాలని ఉత్తర్వు ఇచ్చారు. కాబట్టి కుసుమ రోజంతా అక్కడే కూర్చుని టైపు చేసేది. తన మీద అభియోగ పత్రం కూడా తనే టైపు చేసింది. అందులో రెండు తప్పులు దిద్దినందుకు భానోజీరావు గారు మెచ్చుకున్నారు.

"ఆ తప్పులెందుకు దిద్దినావే? కేసు గట్టిపడిపోదేటి?" అని ఇంటికెళ్ళాక సన్యాసమ్మ తల కొట్టుకుంది.

మార్చి మధ్యలో అసలు ఘట్టం వచ్చింది. డిస్కు పంచుకోవడం.

అయిదొందల జీబీ డిస్కు. ఎంత భాగం దేనికి అని మిషను అడిగింది. దీన్ని మాత్రం ఎవరూ ఫైలుకి వదల్లేదు, అన్ని సెక్షన్లూ మీటింగుకి కదిలొచ్చాయి. గదుల కేటాయింపు జరిగినప్పుడు ఎలా కూర్చున్నారో అలాగే కూర్చున్నారు. హోదాని బట్టి పంచాలని నిర్ణయించారు. త్రివిక్రమరావు గారికి రెండొందలు. అందులో ఏం పెట్టుకుంటారని ఎవరూ అడగలేదు, పెట్టుకోవడానికి కాదు కదా. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనుకి నూటయాభై. అకౌంట్సు సెక్షనుకి తొంభై అనేసరికి వాళ్ళు లేచి, మాకన్నా వాళ్ళకి అరవై ఎక్కువెందుకు, మేం వాళ్ళ జీతాలు చెయ్యడం లేదా అని అడిగారు. తపాలా సెక్షనువాళ్ళు తమకి ఎంతిచ్చినా ఫర్వాలేదు గానీ కిటికీ పక్కన ఇవ్వమన్నారు. రికార్డు రూముకి నలభై. మిగిలిన ఇరవైలో పది ఉద్యోగుల సంఘానికీ, పది ఎప్పుడైనా తనిఖీకి వచ్చే పెద్దలకీ. అయిదొందలూ సరిపోయింది. త్రివిక్రమరావు గారు పెన్ను మూత పెట్టారు.

గుమ్మం దగ్గర రెండు గజాల దూరంలో నిలబడ్డ కుసుమ చెయ్యెత్తింది.

"సార్, లినక్స్‌కి చోటు లేదండి."

"అది ఏ సెక్షను?"

"సెక్షను కాదండి. ఎక్కించేది దాన్నే కదండి. అది ఉండడానికి ఒక భాగం ఇవ్వాలి. దాన్ని రూట్ అంటారు."

త్రివిక్రమరావు గారు భానోజీరావు గారి వైపు చూశారు. భానోజీరావు గారు కాయితాలు తిరగేసి, సదరు లినక్స్ నుంచి చోటు కోరుతూ ఎలాంటి దరఖాస్తూ అందలేదని మనవి చేశారు. దరఖాస్తు పెట్టుకోనివారికి కేటాయించడం పక్షపాతం కిందకి వస్తుందని త్రివిక్రమరావు గారు తేల్చారు. కుసుమ ఇంకేదో అనబోయింది. టీ గ్లాసుల పళ్ళెంతో నిలబడ్డ సన్యాసమ్మ మోచేత్తో పిల్లని పొడిచింది. ఊరుకోయే, ఆడు లేకపోతే నీకేటి, నీ చోటు చూసుకో అన్నట్టు.

కేటాయింపులన్నీ ఎక్కించి, సరే అని నొక్కారు. పదకొండు తెరల మీదా ఒకటే మాట వచ్చింది. రూట్ లేదు, ముందుకు వెళ్ళలేను, వెనక్కి వెళ్ళి సరిచేసుకోండి.

ఆఫీసులో ఒకరు నీ నిర్ణయం సరికాదని త్రివిక్రమరావు గారితో చెప్పడం అదే మొదటిసారి. ఆయన అరవలేదు. మిషన్లు అవిధేయత చూపుతున్నట్టు పదకొండు ఫైళ్ళలో రాయించి, వాటి సంజాయిషీ కోరమన్నారు. సంజాయిషీ నోటీసులు మిషన్లకి అంటించే పని సన్యాసమ్మదే. జిగురు ఎక్కువైతే తెర పాడవుతుందనీ, తక్కువైతే నోటీసు ఊడిపోయి తను అందజేయలేదంటారనీ, ఒక్కోదానికీ రెండు చేతులతో ఒత్తి పట్టుకుని చాలాసేపు నిలబడింది. గడువు లోపల ఒక్క మిషనూ జవాబివ్వలేదు.

మార్చి ముప్పై ఒకటి రానే వచ్చింది. కుసుమతో పాటు ఒప్పందం మీద పనిచేసే ఆపరేటర్లు ఇంకో ముగ్గురున్నారు. పదకొండు మిషన్లు పనిచెయ్యడం లేదు, పనిలేని చోట ఆపరేటర్లెందుకని ఆ ముగ్గురికీ పొడిగింపు ఇవ్వలేదు. ముగ్గురి మీదా ఏ ఆరోపణా లేదని రాసిచ్చారు పాపం, చాలా బాగా రాసిచ్చారు. వాళ్ళు ఆ కాయితాలు మడిచి పట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయారు.

కూతురి కాయితం ఎప్పుడొస్తుందా అని సన్యాసమ్మ సాయంత్రం దాకా సూపర్నెంటు గారి గది బయట స్టూలు మీద కూర్చుంది. అయిదు దాటాక భానోజీరావు గారే పిలిచి చెప్పారు. కుసుమని తీసెయ్యడానికి వీల్లేదట. విచారణ పెండింగులో ఉన్న మనిషిని విచారణ పూర్తయ్యేవరకూ విధుల నుంచి వదలకూడదని నిబంధన ఉందట. వదిలేస్తే విచారణకి మనిషి దొరకదు కదా అని.

"మరి మా పిల్ల ఉద్యోగం ఉన్నట్టేనా బాబూ?"

"నేరం తేలేవరకూ ఉన్నట్టే."

సన్యాసమ్మ పైడితల్లి అమ్మవారికి మనసులోనే దండం పెట్టుకుంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది. తెల్లారాక మాత్రం భయం మళ్ళీ పట్టుకుంది. విచారణ తొందరగా అయిపోతేనో?

ఏప్రిల్లో విచారణాధికారి వచ్చారు. కాశీనాథం గారని, రిటైరైన పెద్ద అధికారి. విచారణ జరిగినంతకాలం ఆయనకి ఒక గది, ఒక ఫ్యాను, రెండు పూటలా టీ ఇవ్వాలని ఉత్తర్వు. ఇంట్లో ఎవరూ నా మాట వినరమ్మా, ఇక్కడ విని రాసుకుంటారు కూడా అని మొదటి రోజే సన్యాసమ్మతో సరదాగా అన్నారు. ఆవిడ ఆయన టీలో పంచదార తగ్గకుండా చూసుకుంది.

కుసుమని కూర్చోబెట్టి ప్రశ్నించారు. ఆ ఇరవై నిమిషాల్లో పైఅధికారిని ఎన్నిసార్లు సంప్రదించావని అడిగారు. ఒక్కసారీ లేదంది. మిషను నిన్ను ఎన్నిసార్లు సంప్రదించింది అన్నారు. అయిదుసార్లండీ అంది. "అంటే మీ ఇద్దరిలో మర్యాద తెలిసింది మిషనుకే," అని రాసుకున్నారు.

రెండు వారాలు విన్నారు, పంచనామాలన్నీ చదివారు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకి భానోజీరావు గారిని పిలిచి, నివేదిక తయారైందన్నారు. సన్యాసమ్మ టీ పెడుతూ విన్నది. ఫిబ్రవరి నుంచీ ఈ కార్యాలయం పంపిన రెండొందల పద్నాలుగు లేఖలూ ఆ మిషను మీదే తయారయ్యాయి. మిషను అక్రమమైతే ఆ లేఖలన్నీ అక్రమమే. అభియోగ పత్రం కూడా దాని మీదే టైపయింది, కాబట్టి అదీ అక్రమమే. తన నియామక పత్రం కూడా అక్కడ ప్రింటయిందేనని ఆయన కొంచెం కంగారుగా చెప్పారు. అందుచేత మిషను సక్రమం, అమ్మాయి నిర్దోషి. మూడింటికి సంతకం పెట్టి ఇచ్చేస్తానన్నారు. అలా అన్నాక గదిని, ఫ్యానుని ఒకసారి చూసుకుని నిట్టూర్చారు.

భానోజీరావు గారు వరండాలోకి వచ్చి సన్యాసమ్మకి శుభవార్త చెప్పారు. నిర్దోషి అని తేలిపోయింది, ఇంక బెంగ లేదు. విచారణ లేదు గనక అమ్మాయిని ఉంచడానికి ఆధారం కూడా లేదు, సాయంత్రానికి రిలీవింగు ఆర్డరు ఇచ్చేస్తాం. నివేదిక ఎలా వస్తుందో ముందే తెలిసి, ఆర్డరు పొద్దున్నే రెడీ చేయించారట. మీ అమ్మాయే టైపు చేసింది, ఒక్క తప్పు లేదు.

సన్యాసమ్మ కంప్యూటర్ల గదికి వెళ్ళింది. కుసుమ క్యారేజీ విప్పి కూర్చుని ఉంది, అన్నం కలపలేదు. నోటీసులంటించిన పదకొండు మిషన్లూ, రూట్ లేదు, వెనక్కి వెళ్ళి సరిచేసుకోండి అంటూ వరసగా వెలుగుతున్నాయి. ఈ పిల్ల నిర్దోషి కాగితం పట్టుకుని ఆ ముగ్గురిలాగే గేటు దాటి వెళ్తుందని ఊహించుకుంది. తర్వాత ఏం జరుగుతుందో ఎప్పటిలా ఊహించబోయింది గానీ, విచిత్రంగా ఏమీ తోచలేదు. అప్పుడు కూతుర్ని అడిగింది.

"ఒలే, ఇరవై నిమిషాలే అన్నావు కదా. నిజంగా ఇరవయ్యేనా?"

"ఇరవయ్యేనమ్మా. ఎందుకు?"

"బోయినాల టైము అరగంట ఉంది. అకౌంట్సోళ్ళ మిషను దగ్గర కూకో. మళ్ళీ ఆ పనే చెయ్యి."

కుసుమ తల్లి మొహం కేసి చూసింది. గ్యాసు పొయ్యి ఆర్పానా లేదా అని సగం దారి నుంచి వెనక్కి వెళ్ళే మనిషి, పిల్ల రోడ్డు దాటుతుంటే తను కళ్ళు మూసుకునే మనిషి. మళ్ళీ మెమో ఇస్తారమ్మా అంది.

"ఇయ్యనీ. ఈపాలి తొందరగా ఇస్తారు, అలవాటైపోనాది కదా. నువ్వు కూకో ముందు."

సన్యాసమ్మ గుమ్మం బయట నిలబడి వరండా కాపలా కాసింది. లోపల కీబోర్డు చప్పుడు అయిదుసార్లు వినిపించి ఆగింది, తర్వాత అంతా మిషనే చేసుకుంది. ఒంటిగంటా యాభైకల్లా ప్రింటరు కదిలి ఒక కాయితం బయటికొచ్చింది. ఆవిడ ఆ కాయితం తీసుకుని, ఇంకా వేడిగా ఉండగానే కాశీనాథం గారి గదికి వెళ్ళింది. ఆయన నివేదిక ముందు పెట్టుకుని పెన్ను వెతుక్కుంటున్నారు.

"బాబూ, సంతకం అప్పుడే ఎట్టీకండి. ఇంకో కంప్లయింటుంది. మా పిల్ల మళ్ళీ చేసీసినాది. ఇప్పుడే, అకౌంట్సోళ్ళ మిషను మీద. ఎవల్నీ అడగలేదు," అని కాయితం బల్ల మీద పెట్టింది.

ఆయన కాయితం చదివారు. శుభ్రంగా అచ్చయిన నూతి ధ్రువపత్రం. సాక్షులెవరైనా ఉన్నారా అని అడిగారు.

"నానే బాబూ. గుమ్మం కాడ నిలబడి చూసినాను. రాసుకోండి, సంతకం పెడతాను."

"కన్నతల్లివి నువ్వు. కూతురి మీద నువ్వే సాక్ష్యం చెప్తావా?"

"ఇంకెవలు చెప్తారు బాబూ దానికి?"

కాశీనాథం గారు నివేదికని నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశారు. కుర్చీ ముందుకు లాక్కుని, ఫ్యాను ఇంకో అంకె పెంచమని, కొత్త కాయితం మీద తేదీ వేశారు. మొదటి వాక్యం సగం రాసి ఆగారు.

"ఇంకా ఎన్ని మిషన్లున్నాయి?"

"పది, బాబూ."

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"అమ్మాయితో చెప్పు. తొందరపడి అన్నీ ఒకేసారి చెయ్యొద్దని."